దీపపు పుట్టుపూర్వోత్తరములు

పూర్వము మన పాఠశాలల గోడలపై వ్రేలాడిన భూగోళ పటములలో రాజ్యములకు రంగులుండెడివి. ఆంగ్ల సామ్రాజ్యమున కొక రంగు, ఫ్రెంచివారి వలసలకు మఱియొక రంగు. ఏ నేల ఎవరి ఏలుబడిలోనున్నదో పిల్లవాడు సయితము దూరమునుండియే చెప్పగలిగెడివాడు. నేడు ఐరోపాఖండమున వేఱొక విధమైన పటము వ్యాప్తిలోనికి వచ్చినది. దానియందు దేశములకు రంగు వేయునది రాజు గాడు, పొగ. కోపెన్‌హాగెను నగరమున 2016 లో పుట్టిన ఒక సంస్థవారు సిద్ధపఱచిన ఈ పటమున, ఏ దేశమునందలి దీపము ఏ ఇంధనముచే వెలుగుచున్నదో, ఒక యూనిట్టు విద్యుత్తును పుట్టించుటకు ఎన్ని గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున గలియుచున్నదో గంటగంటకును కానవచ్చును. పొగ తక్కువగా గల దేశము పచ్చగా నుండును. పొగ హెచ్చినకొలది రంగు పసుపునకును, గోధుమ వర్ణమునకును, తుదకు నలుపునకును తిరుగును. ఒక దేశమునుండి పొరుగుదేశమునకు ప్రవహించు విద్యుత్తును బాణపు గుర్తులు తెలుపుచుండును.

దీనిని చూచిన పిమ్మట మేము మా ఇంటి కరెంటు బిల్లును తీసి చదువుకొంటిమి. సర్వీసు సంఖ్య యున్నది. వెనుకటి రీడింగు, ఇప్పటి రీడింగు, కాలిన యూనిట్లు, స్థిర ఛార్జీ, సుంకము, సర్దుబాటు అను పేర మఱికొంత సొమ్ము, కట్టవలసిన కడపటి తేదీ, అన్నియు నున్నవి. ఈ విద్యుత్తు ఎక్కడ పుట్టెనో, దేనిని కాల్చి పుట్టించిరో తెలుపు పంక్తి యొక్కటియు లేదు. పాలుపోయు మనిషి నడిగిన ఏ ఊరి గేదె పాలో చెప్పును. బియ్యపు బస్తాపై మిల్లు పేరుండును. రూపాయలు చెల్లించి నెలనెలయు కొనుచున్న ఈ సరకునకు మాత్రము జన్మస్థానము లేదు.

ఈ లోపము మఱియే యూరనున్నను సహింపవచ్చునేమో గాని విశాఖపట్టణమున వింతగా తోచును. ఏలయన, విద్యుత్తు పుట్టు చోటులు మనకు కంటి యెదుటనే యున్నవి. పరవాడ చెంత సింహాద్రి విద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురములు చాల దూరమునుండియే అగపడును. వానినుండి లేచు తెల్లని మేఘమును జూచి బాటసారులు పొగ యని వ్రేలుపెట్టి చూపుదురు. అది పొగ గాదు, నీటి ఆవిరి. అసలు లెక్కింపవలసిన వాయువు ప్రక్కనున్న సన్నని పొగగొట్టముల వెంట పోవుచున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. కంటికి గనబడునది నిరపాయము, అపాయమైనది కంటికి గనబడదు. ఇట్టి దానిని ప్రజలకు చూపవలెనన్న పటమును, అంకెలును తప్ప వేఱు సాధనము లేదు.

ఐరోపా పటమును ఇంచుక నిదానముగా చదువుట మంచిది. ఒకే ఖండమున ఇంతటి భేదమున్నదా యని ఆశ్చర్యము కలుగును. నార్వే దేశపు విద్యుత్తు దాదాపు యావత్తును కొండలనుండి దిగు నీటివలన పుట్టుచున్నది. మిగిలినది గాలిమరలది. స్వీడనువారు నీటిని, అణుశక్తిని ప్రధానముగా నమ్ముకొనిరి. ఫ్రాన్సువారు 1973 నాటి చమురు సంక్షోభమునకు వెఱచి అణుకేంద్రములను వరుసగా నిర్మించిరి. నేడు వారి విద్యుత్తులో మూడింట రెండు పాళ్లు వానివలననే వచ్చుచున్నది. ఈ మూడు దేశములలోను యూనిట్టు నొకదానికి విడుదలయగు వాయువు 50 గ్రాములకు లోపుగానే యుండును. పోలండులో సగమునకు పైగా రాక్షసిబొగ్గే మండుచున్నది గనుక అక్కడ యూనిట్టునకు సుమారు 600 గ్రాములు. జర్మనీ చరిత్ర మఱియొక తీరు. గాలి, ఎండ మొదలగువానినుండి సగమునకు మించి విద్యుత్తును పుట్టించుచు, 2023 ఏప్రిల్ 15 న తన కడపటి మూడు అణుకేంద్రములను మూసివైచినది. లిగ్నైటు గనులను మాత్రము ఇంకను త్రవ్వుచున్నది. అందుచేత ఆ దేశము గాలి వీచిన పగటివేళ పచ్చబడి, గాలిలేని శీతకాలపు రాత్రి గోధుమ వర్ణమునకు తిరుగును.

బాణపు గుర్తుల మాట చెప్పవలసియున్నది. ఒక చెఱువులోనికి నాలుగు వాగులు వచ్చి పడును. వానిలో నొకటి బురద నీరు. తూము క్రింద రైతు తన చేనికి పాఱిన నీరు ఏ వాగుదో వేఱుచేయగలడా? విద్యుత్తును అట్టిదే. తీగలన్నియు కలిసిన పిమ్మట ఏ దీపము ఏ కేంద్రపుదో విడదీయుట అసాధ్యము. చెఱువు మొత్తము మీద సగటు కట్టవలసినదే. ఇటలీ దేశస్థులు, చెర్నోబిల్ ప్రమాదము జరిగిన మఱుసటి యేట, అనగా 1987 లో, అణుశక్తికి ప్రతికూలముగా వోట్లు వేసిరి. 1990 నాటికి వారి కేంద్రములన్నియు మూతపడినవి. కాని సరిహద్దుకు ఆవల ఫ్రాన్సువారి అణుకేంద్రములు పుట్టించిన విద్యుత్తును నేటికిని కొనుచునే యున్నారు. కాగితముపై నడచు విద్యుత్తు వేఱు, తీగపై నడచు విద్యుత్తు వేఱు. పటము తీగపై నడచుదానినే చూపును. అదియే దాని గొప్ప.

ఇక మన యింటి సంగతి. విశాఖ ప్రాంతమునకు పెద్దయెత్తున వచ్చిన తొలినాటి విద్యుత్తు నీటినుండి పుట్టినది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వముల ఒడంబడికతో ఆరంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమును 1955 లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. దాని సామర్థ్యము 120 మెగావాట్లు. మాడుగుల కొండలలో పుట్టిన ఆ నదియే దిగువకు పోయి సీలేరు అను పేర ఎగువ సీలేరున 240, దిగువ సీలేరున 460 మెగావాట్ల యంత్రములను త్రిప్పుచున్నది. అటుపిమ్మట కాలము మాఱినది. 2002 లో సింహాద్రిలో తొలి రెండు యూనిట్లు, 2011, 2012 సంవత్సరములలో మఱి రెండును లేచి, మొత్తము 2,000 మెగావాట్ల కేంద్రమైనది. దానికి ఒరిస్సాలోని తాల్చేరు గనులనుండి రైలుబండ్లమీద రాక్షసిబొగ్గు వచ్చును. యంత్రములను చల్లార్చుటకు బంగాళాఖాతపు ఉప్పునీటిని వాడుదురు. 2016 లో పాలవలస చెంత 1,040 మెగావాట్ల ప్రైవేటు కేంద్రమొకటి తోడైనది. గాజువాకలో 1999 నుండి పనిచేయుచున్న సంధాన కేంద్రము తూర్పు రాష్ట్రముల తీగలను దక్షిణ రాష్ట్రముల తీగలకు ముడివైచినది. 2013 డిసెంబరు 31 న దక్షిణదేశపు గ్రిడ్డు తక్కిన దేశముతో ఏకమైనది. కాబట్టి నేడు మన చెఱువు మన యూరిది మాత్రమే గాదు. ఛత్తీస్‌గఢ్ బొగ్గు, తమిళనాట గాలి, రాయలసీమ ఎండ అన్నియు దానిలో కలిసియే యున్నవి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను స్తంభములను నేలగూల్చి దినముల తరబడి చీకటిలోనుంచినప్పుడు మాత్రమే, పాపము, విశాఖవాసులకు ఈ తీగలు ఎక్కడనుండి వచ్చుచున్నవో విచారింప తీరిక దొరికెను.

ఆ చెఱువు సగటెంత? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు ఏటేట ప్రకటించు లెక్కలను బట్టి, భారతదేశపు గ్రిడ్డులో యూనిట్టునకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. మధ్యతరగతి గృహస్థు నెలకు 200 యూనిట్లు వాడెననుకొందము. అతని వాటా 140 కిలోగ్రాములు. అన్ని యూనిట్లనే వాడిన పోలండు గృహస్థునిది 120. ఫ్రెంచి గృహస్థునిది 10 కిలోలకు లోపు. ఒకే దీపము, ఒకే విసనకఱ్ఱ, ఒకే వెలుతురు. ఇక సింహాద్రి కేంద్రము నూటికి డెబ్బది పాళ్ల సామర్థ్యముతో ఏడాది పొడుగున నడచెననుకొన్నచో 1,200 కోట్ల యూనిట్లకు పైగా పుట్టును. బొగ్గు కేంద్రములలో యూనిట్టునకు ఇంచుమించు కిలోగ్రాము వాయువు వెలువడును. అనగా ఏడాదికి కోటి టన్నులకు మించినది. ఇది మేము పలకమీద వేసిన కూడికయే గాని ఆ కేంద్రమువారు ప్రకటించిన అంకె గాదు. సరియైన అంకెను వారు మన భాషలో మన యెదుట పెట్టినచో మా కూడికను సంతోషముతో చెఱిపివేయుదుము.

ఇచ్చట స్వదేశాభిమాని యొకడు లేచి, “అయ్యా, పొగనుగూర్చి మనకు ఉపదేశించుటకు ఐరోపావారెవరు?” అని ప్రశ్నించును. న్యాయమైన ప్రశ్న. లండను నగరమున హోల్బరను వంతెన చెంత బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము 1882 లో వెలసినది. ఇంగ్లండులో కడపటి బొగ్గు విద్యుత్కేంద్రము 2024 సెప్టెంబరు 30 న మూతపడినది. నూట నలువది రెండు సంవత్సరములు యథేచ్ఛగా కాల్చుకొని, ఆ యూర్జితముతో ఓడలను, మిల్లులను, సామ్రాజ్యమును నడపి, ఇప్పుడు చేతులు కడుగుకొనుచున్నారు. నేటికిని భారతీయుడొకడు ఏడాదికి విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు. ఐరోపా సమితి పౌరునిది 5 టన్నులకు పైమాట. ఆకాశము అందఱి ఉమ్మడి ఆస్తియైన యెడల, దానిలో తన భాగమునకు మించి అనుభవించినవాడెవడో చెప్పుటకు పెద్ద ప్లీడరు అక్కఱలేదు. ఈ వాదమును మేము విడువము.

కాని ఈ వాదము పరదేశమువానికి చెప్పదగిన జవాబు. గాజువాకలోని తల్లికి చెప్పదగినది గాదు. ఆమె అడుగునది వేఱు. రేవులో దించు బొగ్గు, ఇనుప ఖనిజముల ధూళినిగూర్చి పాతనగరవాసులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. బొగ్గు మండినచోట బూడిద యుండును. మన దేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 40 పాళ్లవఱకు బూడిదయే. ఆ బూడిదను నిలువయుంచు చెఱువుల ప్రక్కనే పల్లెలున్నవి. లండనువాడు నూఱేండ్లు కాల్చెనని చెప్పిన మాత్రమున వారి వాకిటి బూడిద తొలగునా?

ఉక్కు సంగతికి వత్తము. ఇందులోనే అసలు చిక్కున్నది. 1966 నాటి ఉద్యమములో 32 మంది ప్రాణములర్పింపగా సాధించుకొన్న కర్మాగారమిది. 1971 లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి, 1992 లో పి. వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేసిరి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని మన నదుల పేరు, మన తల్లి పేరు పెట్టుకొన్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులతో ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యము గలది. 2021 జనవరిలో దీనిని సంపూర్ణముగా అమ్మివేయుటకు కేంద్ర మంత్రివర్గ సంఘము తలయూపినప్పుడును, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినప్పుడును తెలుగువారందఱు దీనినిగూర్చియే మాటలాడుకొనిరి. ఆ చర్చలలో పొగ మాట వినబడలేదు. వినబడవలసిన కాలము వచ్చినది.

ఐరోపా సమితివారు సరిహద్దు కర్బన సుంకము అనుదానిని నెలకొల్పిరి. 2023 అక్టోబరు మొదలు లెక్కలు మాత్రమే అడిగిరి. 2026 జనవరి 1 నుండి ఆ సుంకము అమలులోనికి వచ్చినది. తమ దేశమునకు వచ్చు ఉక్కు, సిమెంటు, అల్యూమినియము, ఎరువులు మొదలగువానిలో ప్రతి టన్నునకు ఎంత వాయువు విడువబడెనో దిగుమతిదారు లెక్క చెప్పి వెల కట్టవలెను. ప్రస్తుతము ఉక్కునకు కర్మాగారపు సొంత పొగను మాత్రమే లెక్కింతురు. కొన్న విద్యుత్తు తాలూకు పొగను ఇంకను చేర్చలేదు. మన కేంద్ర ఉక్కు మంత్రిత్వశాఖవారును 2024 డిసెంబరులో, టన్నునకు 2.2 టన్నులకు లోపు వాయువును విడుచు ఉక్కునకే హరిత ఉక్కు అను పేరు చెల్లునని నిర్ణయించిరి. మన దేశపు ఉక్కు సగటు ఇంచుమించు రెండున్నర టన్నులు.

బ్లాస్ట్ ఫర్నేసులో కోకు బొగ్గు వేడికొఱకు మాత్రమే గాదు. ఖనిజములోని ఆమ్లజనిని లాగివేయుటకును అదియే కావలెను. కాబట్టి దానిని మాన్పుట కట్టెపొయ్యి మాన్పి గ్యాసుపొయ్యి పెట్టుకొన్నంత సులభము గాదు. స్వీడనువారు కోకునకు బదులు ఉదజని వాయువుతో ఆ పని చేయించి, 2021 లో అట్టి ఉక్కును తొలిసారిగా మోటారుబండ్ల కర్మాగారమున కందించిరి. వారి లెక్కప్రకారము ఈ పద్ధతిలో టన్ను ఉక్కునకు సుమారు 3,500 యూనిట్ల విద్యుత్తు కావలెను. అందులో అధికభాగము నీటినుండి ఉదజనిని వేఱుచేయుటకే. ఇప్పుడు పాఠకుడు మాతోగూడ ఒక్క గుణకారము చేయవలెను. మన గ్రిడ్డు విద్యుత్తునకు యూనిట్టునకు 700 గ్రాములు. 3,500 యూనిట్లకు 2,450 కిలోగ్రాములు. అనగా రెండున్నర టన్నులు! కోటానుకోట్లు పోసి క్రొత్త యంత్రములు తెచ్చి, కోకును విడిచిపెట్టి, తుదకు బయలుదేఱిన చోటికే వచ్చితిమి. ఫర్నేసు పొగ మాయమై పరవాడ పొగగొట్టమున తేలినది. స్వీడనువారికి ఫలించిన ఉపాయము మనకు ఫలింపకపోవుటకు కారణము వారి పటము పచ్చగా నుండుటయే. మన 73 లక్షల టన్నులను ఆ విధమున చేయవలెనన్న, సింహాద్రి యేడాదికి పుట్టించు విద్యుత్తునకు రెండు రెట్లు కావలెను. అదియు పొగలేని విద్యుత్తై యుండవలెను. విద్యుత్తు పుట్టుపూర్వోత్తరములు తెలియకుండ ఉక్కు భవిష్యత్తును చర్చించుట జాతకము లేకుండ ముహూర్తము పెట్టుట వంటిది.

మఱియొక సంగతి మమ్ము ఎక్కువగా బాధించుచున్నది. సముద్రమునకు ఆవల నున్న కొనుగోలుదారుడు లెక్క యడిగినంతనే టన్నునకు ఎంత, గంటకు ఎంత, ఏ కొలిమిలో ఎంత అని లెక్క తయారగును. దానిని పరీక్షించి ముద్రవేయువారును వత్తురు. ఆ పొగ ప్రక్కనే పిల్లలను పెంచుకొనుచున్న పెదగంట్యాడవాడు అడిగినచో ఆంగ్లమున నచ్చువడిన నివేదికను వెదకికొనవలసినదే. హాంబర్గు వర్తకునకు గల హక్కు అగనంపూడి పౌరునికి లేకపోవుట స్వరాజ్యమునకు శోభ గాదు.

లెక్కలు అసలే లేవని మేమనుట లేదు. గ్రిడ్డు నిర్వాహకులు దినదినము ఎంత బొగ్గు విద్యుత్తు, ఎంత నీటి విద్యుత్తు, ఎంత సూర్య విద్యుత్తు వచ్చెనో ప్రకటించుచున్నారు. ప్రాధికార సంస్థవారి కర్బన లెక్కలు కేంద్రముల వారీగా ఏటేట వెలువడుచున్నవి. కాని అవన్నియు ఆంగ్లమున, పట్టికల రూపమున, నిపుణులకొఱకు వ్రాయబడినవి. మాటల గారడికి అవకాశమిచ్చునది ఈ మఱుగే. దేశపు విద్యుత్ స్థాపిత సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, గ్యాసులతో నిమిత్తము లేనిదైనదని 2025 జూలైలో ప్రకటింపబడినది. ఆ మాట సత్యమే. పత్రికలు దానిని చాటినవి. చదువరి తన దీపములో సగము పచ్చబడినదని సంతసించెను. కాని సామర్థ్యము వేఱు, పుట్టిన విద్యుత్తు వేఱు. సూర్యుడు రాత్రి పనిచేయడు. పుట్టిన యూనిట్లలో నూటికి 70 పాళ్లకు పైగా 2024–25 లోను బొగ్గుదే. గాదెల సంఖ్య చెప్పి ధాన్యము కొలత చెప్పకున్న ఏ షావుకారు ఒప్పుకొనును?

పచ్చరంగును జూచి మురిసిపోవలదని గూడ హెచ్చరింపవలసియున్నది. పటము పొగను చూపును గాని మునకను చూపదు. మాచ్‌ఖండ్ విద్యుత్తు నిర్మలమైనది. విశాఖ వీథులకు వెలుగు నిచ్చినది. కాని జలపుట్ జలాశయమునకై ఊళ్లు విడిచిన గిరిజనుల బ్రదుకులు ఆ రంగులో కనబడవు. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో పగటి సూర్య విద్యుత్తుతో నీటిని కొండపైకి ఎత్తి రాత్రి క్రిందికి వదలి విద్యుత్తు పుట్టించు పథకములు ప్రతిపాదింపబడుచున్నవి. ఎగువ సీలేరున 1,350 మెగావాట్లది వానిలో నొకటి. రాత్రివేళ బొగ్గును తగ్గించుటకు ఇట్టివి అవసరమనియే మా అభిప్రాయము. అయినను ఆ కొండలపై కాఫీ, మిరియము పెంచుకొని బ్రదుకువారి సమ్మతి లేనిదే కొండ త్రవ్వుట తగదు. 2010 జూలై 14 న సోంపేట బీలభూములలోను, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోను బొగ్గు విద్యుత్కేంద్రములు వలదని నిలిచిన రైతులమీద, మత్స్యకారులమీద తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. ముందుగా లెక్క చెప్పి అనుమతి కోరని చోట ఉత్తరాంధ్రమున నెత్తురు చిందియున్నది.

క్రొత్త గిరాకులు వాకిట నిలిచియున్నవి. 2025 జనవరి 8 న పూడిమడక చెంత హరిత ఉదజని కేంద్రమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. దినమునకు 1,500 టన్నుల ఉదజనిని చేయుటయు, దానినుండి తయారగు సరకులలో ముఖ్యభాగమును ఎగుమతి చేయుటయు దాని ఉద్దేశము. 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీవారు విశాఖలో గిగావాటు స్థాయి గల డేటా కేంద్రములను స్థాపింతుమని, ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. గిగావాటనగా వేయి మెగావాట్లు, అనగా సగము సింహాద్రి. రేయింబవళ్లు ఆగక నడచు యంత్రములు దినమునకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు త్రాగును. మేము పరిశ్రమలకు విరోధులము గాము. మన యువకులకు పనులు రావలెను. అడుగునది ఒక్కటే. ఆ విద్యుత్తు ఏ కొండది, ఏ ఎండది, ఏ గనిది? పూడిమడకలో పుట్టు నిర్మల వాయువు పరదేశములకు ఓడలెక్కి పోవునా, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణల కొలుములలో కొంతయైన చొచ్చునా? ఒప్పందముల వేళ ఈ ప్రశ్నలు వేయనివారికి పిమ్మట వగచు హక్కు మాత్రమే మిగులును.

కార్యమునకు వత్తము. ఐరోపా సమితివారు 2003 లోనే ఒక శాసనముచే, విద్యుత్తు అమ్మువారు తమ బిల్లులపై దాని ఇంధనముల పాళ్లను ప్రకటింపవలెనని విధించిరి. కోపెన్‌హాగెను పటమునకు చాల ముందే వారి పౌరులకు ఈ మర్యాద దక్కినది. మనకును ఆధారము లేకపోలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము, 4 వ సెక్షనులో, ప్రభుత్వ సంస్థలు అడుగకయే సమాచారమును వెల్లడింపవలెనని చెప్పుచున్నది. అదే సెక్షను నాలుగవ ఉపవిభాగమున, ఆ సమాచారమును ప్రకటించునపుడు స్థానిక భాషను దృష్టిలో నుంచుకొనవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. మన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయము విశాఖపట్టణముననే యున్నది. బిల్లు అడుగున మూడు పంక్తులకు చోటున్నది. గడచిన నెలలో మీకు వచ్చిన విద్యుత్తులో బొగ్గు ఇన్ని పాళ్లు, నీరు ఇన్ని, ఎండ గాలి ఇన్ని, అణుశక్తి ఇన్ని. యూనిట్టునకు విడువబడిన బొగ్గుపులుసు వాయువు ఇన్ని గ్రాములు. మీ యింటి వాటా ఇంత. ఇంతమాత్రమునకు క్రొత్త శాసనము గాని, పెద్ద వ్యయము గాని అవసరమని మేము తలపము.

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలివారు ఏటేట ధరలు నిర్ణయించుటకు ముందు ప్రజాభిప్రాయమును విందురు. ఆ విచారణలలో మనవారు యూనిట్టునకు ఎన్ని పైసలని వాదించి వచ్చుచున్నారు, వాదింపవలసినదే. ఈమాఱు యూనిట్టునకు ఎన్ని గ్రాములని కూడ అర్జీ వేయవలెను. అర్జీ తెలుగుననే యుండవచ్చును. వకీలు అక్కఱలేదు. ఏ వినియోగదారుడైన తన సర్వీసు సంఖ్య వ్రాసి సంతకము చేసి పంపవచ్చును. పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొకటి గలదు. గ్రిడ్డు నిర్వాహకులు దినదినము ప్రకటించు అంకెలను చదువగల యువకుడొకడు మీ సభ్యులలో ఉండకపోడు. అతనిచే వారమున కొకమాఱు ఆ పాళ్లను తెలుగున వ్రాయించి, పత్రికలుంచు బల్ల యెదుట గోడకు అంటింపుడు. రంగు సుద్దలతో ఆంధ్రదేశపు పటమును గీసి, విద్యుత్కేంద్రమున్న చోటులను బొగ్గుకు నలుపు, నీటికి నీలము, ఎండకు పసుపు పూయింపుడు. అట్టి పటములలో మంచిదానిని మాకు పంపినచో ఈ పుటయందే అచ్చువేయుదుము.